ఓర్పుముడి

పొద్దు బారెడు పైకెక్కేసరికి మధుశిల కొండ కనిపించింది. మబ్బుల్లోంచి కిందికి దించిన గోడలా నల్లగా, నున్నగా నిలబడి ఉంది. నడిమి భాగాన కొండ కడుపు లోపలికి పోయి, పై అంచు చూరులా ముందుకు వచ్చింది. ఆ చూరు కింద వరుసగా తేనెపట్లు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ ఏనుగు చెవంత ఉంది. వాటన్నిటి నడుమ కోట తలుపంత తల్లిపట్టు. వేలవేల ఈగలు ఒకదానిమీద ఒకటి కప్పుకుని ఉండగా, అది ఎండ తగిలినచోట పాత బంగారంలా, తగలనిచోట కాటుకలా నిగనిగలాడుతోంది. కొండ పాదాన ఎప్పుడూ విడవని మంచు. మంచు అడుగున నీలవాహిని నది హోరు వినిపించడమే గాని, ఆ నదిని చూసివచ్చి చెప్పినవాడు ఇంతవరకు లేడు.

ఆ కొండ వెనకవైపు దారిన ఒక మూలికల వైద్యుడు పైకి ఎక్కుతున్నాడు. భుజాన మూట, చేతిలో కర్ర, బొడ్డుదాకా గడ్డం. నడక మాత్రం వైద్యుడిది కాదు. దారికి అడ్డంగా ఉన్నందుకు రాళ్లమీద కోపగించుకుంటూ నడిచే నడక అది. మణిమంథ రాజ్యం మొత్తంమీద ఆ నడక ఒక్కడికే ఉంది. అతను యువరాజు అనలకేతు. కత్తి పడితే అతనికి ఎదురు లేదు. కోపం వస్తే అసలే లేదు. రాజగురువు ఏళ్ల తరబడి ముక్కు పట్టించి, ఊపిరి బిగబట్టించి శాంతం నేర్పబోయాడు. శిష్యుడికి ఊపిరి బిగబట్టడం ఒక్కటే వచ్చింది.

అతని భార్య గోరింత ఈ కొండవాళ్ల ఆడపడుచు. వేటలో దారి తప్పిన యువరాజుకు దారి చూపింది, ఆ దారిలోనే అతను మనసు పారేసుకున్నాడు. తండ్రిని ఒప్పించి పెళ్లాడాడు. పెళ్లివిందు నాడు గోరింత అన్న కాటన్న సొరకాయ బుర్ర నిండా పట్టుతేనె తీసుకుని కోటకు వచ్చాడు. కొండవాళ్లలో అదొక ఆచారం. పెళ్లికూతురి తోడబుట్టినవాడు తేనెలో వేలు ముంచి పెళ్లికొడుకు నాలుకకు రాస్తాడు. ఆ తరువాతే ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకోవాలి.

నిండు సభ. పొరుగు రాజ్యాల రాయబారులంతా కళ్లప్పగించి చూస్తున్నారు. చెమటోడుస్తూ వచ్చిన కొండమనిషి తన నోటిదగ్గరకు వేలు తెస్తుంటే యువరాజుకు తల కొట్టేసినట్టయింది. కాలెత్తి బుర్రను తన్నాడు. బుర్ర పగిలి తేనె పాలరాతి నేలంతా పారింది. సైనికులు నవ్వారు.  కాటన్న తలపాగా విప్పి, మోకాళ్లమీద కూర్చుని నేలంతా తుడిచాడు. ఎవరి కాలికీ గుచ్చుకోకుండా పెంకులన్నీ ఏరుకున్నాడు. ఏరుకుంటూ ఒక్కసారి తలెత్తి చూశాడు. అప్పుడు యువరాజు రాయబారులవైపు తిరిగి ఏదో మాట్లాడుతున్నట్టు నటించాడు.

కాటన్న పెంకులన్నీ ఏరాడు గాని, పట్టులోని మైనపు ముద్ద ఒకటి సింహాసనం కిందికి దొర్లిపోయిందని చూడలేదు. చూసినవాడు వేరే ఉన్నాడు. రాయబారి వేషంలో కూర్చున్న మాంత్రికుడు పింగజటుడు దాన్ని చప్పుడు కాకుండా చేజిక్కించుకున్నాడు. పుట్టింటి మైనం దొరికితే ఆ ఇంటి ఆడపిల్లను ఏమైనా చేయవచ్చునని వాడి శాస్త్రం. భార్య పోతే యువరాజుకు మతి చెడుతుంది, మతిచెడ్డవాడి రాజ్యం కాజేయడం చిటికెలో పని అని వాడి పన్నాగం. వాడు ఆ ముద్దతో గోరింత బొమ్మ చేసిన మరునాటి నుంచి గోరింత పాదాలు మొదలుకుని మైనంగా మారసాగింది.

మైనం ఇప్పుడు పక్కటెముకల దాకా వచ్చింది. గుండెను తాకితే ఇక ఆమె దక్కదు. విరుగుడు తల్లిపట్టు తేనె ఒక్కటే. ఎండ తగిలితే కరిగిపోతుందని అనలకేతు ఆమెను తడి ఆకుల్లో చుట్టి, కొండ వెనక జలపాతం చాటు గుహలో పడుకోబెట్టి వచ్చాడు. వచ్చేముందు గోరింత అతన్ని ఒక్కటే కోరింది.

"మా అన్న దగ్గరికి నీ మొహంతోనే వెళ్లు."

సరేనన్నాడు. సగం దారిలో కాళ్లు సాగలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? తుమ్మజిగురు పూసి గడ్డం అంటించుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. ఈయన అడుసు తొక్కి, కడుక్కోకుండా చెప్పు తొడుక్కునే రకం.

కొండ నెత్తిన చదునుమీద గంటెమ్మవ్వ కూర్చుని ఉంది. తల్లిపట్టుకు కాపలా ఆమెదే. చుట్టూ కొందరు కొండవాళ్లు అడ్డతీగ నార తీసి మోకులు పేనుతున్నారు. వైద్యుడు తన అవసరం చెప్పుకున్నాడు. ఎవరో రోగి అన్నాడు గాని పేరు చెప్పలేదు. అవ్వ అంతా విని తల్లిపట్టు కట్టుబాట్లు వినిపించింది. దానికి పొగ పెట్టకూడదు. దాని దగ్గరకు ఇనుము తీసుకుపోకూడదు. దిగేవాడు వెదురుపుల్లతో పొడిచి, కారిన తేనె పట్టుకుని రావాలి. మనసు కుదురుగా లేనివాణ్ణి ఈగలు బతకనివ్వవు. తేనె తీసేటప్పుడు దిగినవాడు, తాడు పట్టినవాడు తప్ప కొండమీద మూడో మనిషి ఉండకూడదు. వైద్యుడు అన్నిటికీ తల ఊపాడు.

"మరి తాడు ఎవరు పడతారు నాయనా?" అంది అవ్వ. "నీకు బావమరిది ఉన్నాడా?"

కొండవాళ్లలో తేనెకు దిగేవాడి తాడు అతని భార్య తోడబుట్టినవాడే పట్టాలి. చెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు పట్టు జారనివ్వడు. కన్న తండ్రికి కూడా ఆ పని అప్పగించరు. ఈ సంగతి గోరింత ఎన్నోసార్లు చెప్పింది. వింటున్నట్టు తల ఊపడమే గాని అతను విన్నది తక్కువ.

"లేడు," అన్నాడు అనలకేతు.

నార పేనుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. బావమరిది లేడనడమంటే, ఆ కొండమీద, నా భార్య పుట్టిల్లు మాసిపోయింది అనడం. ఆ పుట్టింటివాడు బతికుండి వినగా రెండోసారి అంటే ఆ క్షణంతో పెళ్లి తెగిపోయినట్టే. ఎవరూ ఏమీ అనకముందే వెనకవరసలోంచి ఒక మనిషి లేచి ముందుకు వచ్చాడు. అతని తలకు తలపాగా లేదు.

"ఆ మాట మళ్లీ అనకు దొరా," అన్నాడు కాటన్న. "మా చెల్లి ఊపిరితో ఉండగా అనకు."

అనలకేతు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఎలా గుర్తుపట్టావని అడిగాడు.

"మొహం మార్చావు గాని పాదాలు మార్చలేదు. వాటి చుట్టూ నేల తుడిచినవాణ్ణి. మరిచిపోతానా?"

అనలకేతు గడ్డం పట్టుకుని లాగాడు. జిగురుతోపాటు చర్మం కూడా వచ్చింది. ఆ మంట అతనికి తెలియనే లేదు. జీవితంలో మొదటిసారి అతనికి కోపం రావలసిన చోట కోపం రాలేదు, కోపం దాక్కునే చోటంతా సిగ్గు నిండిపోయింది. గోరింతకు ఏమైందో, ఎందుకైందో తలవంచుకునే చెప్పాడు. కాటన్న తిడతాడనుకున్నాడు. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. మైనం ఎందాకా వచ్చిందని మాత్రం కాటన్న అడిగాడు. పక్కటెముకల దాకా అని విని, వంగి పెద్ద మోకు అందుకున్నాడు.

గంటెమ్మవ్వ మిగతావాళ్లను వెంటబెట్టుకుని కిందికి దిగిపోయింది. కాటన్న మోకును కొండరాతిలో దిగ్గొట్టిన ఇప్పకొయ్య మేకుకు ఒక చుట్టు తిప్పి, రెండో కొసను యువరాజు నడుముకు కట్టాడు. బుర్రకోసం విడిగా ఒక సన్నతాడు రేలచెట్టు మొదలుకు కట్టి కిందికి వదిలాడు. అది బుర్ర బరువు మాత్రమే ఆపుతుంది, మనిషి వేలాడితే పుటుక్కుమంటుంది.

"నీ నడుముకు వేసింది ఓర్పుముడి," అన్నాడు. "కింద ఎక్కడైనా కాలు ఆనితే విప్పుకోవచ్చు. ఈ కొస పట్టి నింపాదిగా లాగితే వెన్నలా వస్తుంది. తొందరపడి గుంజావంటే గొడ్డలికి కూడా తెగదు. తెలిసిందా దొరా?"

దొరా అనే అన్నాడు. బావా అంటాడని అనలకేతు ఆశపడలేదు గాని, చెవులు మాత్రం ఆ పిలుపుకే ఎదురుచూశాయి.

మరుక్షణం అతను చూరు కింద గాలిలో వేలాడుతున్నాడు. కాలికి ఆనడానికి రాయి లేదు, చేతికి అందడానికి కొమ్మ లేదు. ఎదురుగా తల్లిపట్టు. ఈగల తెరమీద పైనుంచి కిందికి ఒక అల పాకింది. ఎవరో వచ్చారని వాటికి తెలిసిపోయింది.

గురువు చెప్పినట్టు ఊపిరి బిగబట్టాడు. మనసులో ఏ తలపూ రానివ్వకూడదనుకున్నాడు. అనుకోగానే వచ్చింది, పాలరాతి నేల, తేనెలో తడుస్తున్న తలపాగా. దాన్ని నెట్టేశాడు. ఈసారి సైనికుల నవ్వు వినిపించింది. దాన్నీ నెట్టేశాడు. నెట్టినకొద్దీ చేతులు వణికాయి, చెమట పట్టింది. ఈగల తెరలో రెండో అల లేచింది, రొద హెచ్చింది. ఒక ఈగ వచ్చి మెడమీద కుట్టింది. నిప్పుకణిక పెట్టినట్టయింది. ఇంకొకటి కనుబొమమీద వాలింది. ఇక లాభం లేదనుకుని పైకి చూసి కేక వేశాడు.

"బావా, నాది తప్పు. నన్ను మన్నించు."

పైనుంచి జవాబు మెల్లగా వచ్చింది. 

"ఎవరికి చెబుతున్నావు దొరా? నాకా, ఈగలకా?"

అనలకేతు తల వాలిపోయింది. ఈగలకే చెప్పాడు. కుట్టకుండా ఉండడానికి చెప్పాడు. క్షమాపణ కూడా ఒక మూలికలా వాడుకోబోయాడు. ఇంతకంటే దిగజారడానికి అతనికి మెట్లు మిగల్లేదు. ఇక దేన్నీ నెట్టలేదు. తలపాగా వచ్చింది, రానిచ్చాడు. తలెత్తి చూసిన కాటన్న కళ్లు వచ్చాయి. ఆ రోజు తప్పించుకున్న చూపును ఇప్పుడు తప్పించుకోకుండా చూశాడు. ఆ కళ్లలో పగ లేదు. తనేం తప్పు చేశాడో తెలియక అడుగుతున్న మనిషి కళ్లు అవి. మొహం సెగలు కక్కింది, కన్నీళ్లు ధారగా కారాయి, వాటినీ ఆపలేదు. అతని సిగ్గు అణువంత కూడా తగ్గలేదు. కాని దానితో పెనుగులాట మానేసేసరికి చేతుల వణుకు నిలిచిపోయింది. ఊపిరి దానంతటది, చంటిపిల్లవాడి ఊపిరిలా, ఆడుతోంది.

కనుబొమమీద ఈగ లేచిపోయింది. తెరమీద అలలు ఒక్కొక్కటే అణిగాయి. అతను వెదురుపుల్ల చాచి పట్టు పైభాగాన పొడిచాడు. ఎర్రని తేనె దారంలా జారి బుర్రలోకి దిగసాగింది. వేళ్లమీద పడి మణికట్టు దాకా కారింది. ఆకలితో కడుపు మాడుతున్నా అతను వేలు నాకలేదు. ఆ తేనె అతని నాలుకకు రాయవలసిన చెయ్యి వేరే ఉంది.

సరిగ్గా అప్పుడు కొండమీద మరో గొంతు వినిపించింది. చూరుకు తగిలి మాటలు స్పష్టంగా కిందికి వస్తున్నాయి. మణిమంథ సైనికుడినని చెప్పుకుంటున్నాడు ఎవడో. విందునాడు సభలో ఉన్నానన్నాడు. అంతా కళ్లారా చూశానన్నాడు. మాటమాటకూ ముక్కుతో చిన్న ఈల వస్తోంది. విందునాడు రాయబారి వేషంలో వచ్చినవాడి ఆ ఈలను అనలకేతు ఎరుగును. సైనికుడు కాదు, పింగజటుడు.

"నిండు సభలో నీ తేనె కాలదన్నినవాడు," అంటున్నాడు పింగజటుడు. "నిన్ను కుక్కకంటే హీనంగా చూసినవాడు. ఇందాక నీ ఎదుటే నువ్వు లేవన్నాడు. వేళ్లు వదులు చేస్తే చాలు. చెయ్యి జారిందంటే కాదనేవాడు ఎవడున్నాడు?"

 వాడి మాటలన్నీ అబద్ధాలని అనలకేతు అరవవచ్చు. గోరింతకోసమైనా పట్టుకోమని బతిమాలవచ్చు. కాని ఇందాకటి ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. ప్రాణం దక్కించుకోవడానికి ఏదీ చెప్పబుద్ధి కాలేదు.

"వాడు పింగజటుడు. మోసగాడు," అన్నాడు పైకి చూసి. "కాని చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అంతా నేను చేసిందే."

"తెలుసులే దొరా," అన్నాడు కాటన్న. "మాటలు ఆపి బుర్ర చూసుకో. తేనె పక్కకు కారుతోంది."

ఆ తరువాత అతను చేసిన పని అనలకేతు తాడు అదిరిన తీరునుబట్టి గ్రహించాడు. చేతిలోని మోకును కాటన్న తన నడుముకు చుట్టుకుని బిగించి ముడివేశాడు. అది ఓర్పుముడి కాదు, ఊడదీయాలన్నా ఊడని ముడి. ఇప్పుడు నేను వదలాలన్నా వదలలేనని మాంత్రికుడితో అంటున్నాడు.

పింగజటుడి వేషం ఆ కోపానికి ఆగలేదు. సైనికుడి రూపం ఊడిపోయి, జటలు విరబోసుకుని, రంకె వేసి, ఇప్పకొయ్య మేకును ఒక్క తన్ను తన్నాడు. మేకు ఊడి అంచుమీదుగా ఎగిరి మంచులో పడింది. ఆ రంకెకు తల్లిపట్టు కదిలింది. నల్లని తెర మొత్తం పట్టునుంచి విడివడి, అనలకేతు చెవుల పక్కనుంచే, అతన్ని తాకకుండా పైకి లేచింది. కోపం ఎక్కడుందో ఈగలకు ఒకరు చెప్పనక్కరలేదు. మాంత్రికుడు గావుకేక పెట్టి గద్దగా మారి ఎగిరాడు. ఈగల మబ్బు వాణ్ణి తరుముకుంటూ పడమటికి సాగిపోయింది.

వాడు పోయాడు గాని మేకు పోయిన తాడు బరువంతా కాటన్న నడుము మీద పడింది. కొండ నెత్తిన నున్నటి రాయి. గులకరాళ్లు రాలాయి. అనలకేతు తలెత్తి చూసేసరికి అంచుమీద కాటన్న మొహం, భుజాలు కనిపించాయి. బోర్లాపడి ఒక రాతిచీలికను వేళ్లతో పట్టుకుని ఉన్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. తాడు అంగుళం జారింది. మళ్లీ అంగుళం జారింది.

"కదలకు," అన్నాడు పళ్ల బిగువున. "పట్టుకున్నాను."

పట్టుకోలేడని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పడితే గోరింత ఎక్కడుందో తెలిసిన మనిషి భూమ్మీద ఉండడు. అనలకేతు బుర్ర మూతిని పంచె చింపిన ముక్కతో కప్పి, సన్నతాడుకు గట్టిగా కట్టాడు. లాగి చూశాడు. రేలచెట్టు పట్టు బాగానే ఉంది.

"జలపాతం చాటు గుహలో ఉంది," అన్నాడు. బావా అనడానికి హక్కు లేదు, పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. "తడి ఆకులు విప్పకుండా తాగించు. నా మొహంతో రాలేదని ఆమెకు చెప్పు. దాచకు."

కాటన్నకు అర్థమైంది. "వద్దు," అన్నాడు. "ఆ ముడి ముట్టుకోకు."

అనలకేతు నడుము దగ్గర కొస వెతికి పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అన్నీ గుంజి సాధించుకున్న చెయ్యి అది. పైనుంచి రాళ్లు రాలి భుజాలమీద పడుతున్నాయి. అతను నింపాదిగా, జడలో చిక్కు తీసినంత నెమ్మదిగా లాగాడు.  ముడి వెన్నలా విడింది.

కొండ నల్లగా పైకి ఎగిరిపోసాగింది. తాడు, చూరు, బోసిగా మిగిలిన తల్లిపట్టు, వాటి పైన అంచు వెంట సగం వేలాడుతున్న మనిషి, అన్నీ చిన్నవైపోతున్నాయి. అప్పుడు వినిపించింది ఆ పిలుపు.

"బావా!"

కొండంతా ఆ మాటను అందుకుని మళ్లీ మళ్లీ పలికింది. అనలకేతు బదులు పలకాలని నోరు తెరిచాడు. అప్పటికే నోటినిండా మంచు.